ఆపరేషన్ తర్వాత ఏఎఫ్‌పీ ఎంత ఉండాలి, ఎంత వేగంగా తగ్గాలి: పిల్లల జెర్మ్ సెల్ ట్యూమర్ల మీద రెండు ప్రశ్నలు

ఇద్దరు అడిగిన ప్రశ్నలకు కలిపి రాస్తున్నాను. పిల్లల వయసు వేరు, గడ్డ ఉన్న చోటు వేరు, కానీ ఇద్దరి భయమూ ఏఎఫ్‌పీ అనే ఒకే రక్త పరీక్ష రిపోర్టు చుట్టూ తిరుగుతోంది. రెండూ జెర్మ్ సెల్ ట్యూమర్లే, అంటే అండం, వీర్యకణాలుగా మారాల్సిన కణాల నుంచి పుట్టే గడ్డలు.

మొదటి ప్రశ్న ఒక నాన్నగారిది. పాప పుట్టినప్పుడే తోక ఎముక దగ్గర పెద్ద గడ్డ ఉంది. తొమ్మిదో రోజున ఆపరేషన్ చేసి గడ్డతో పాటు తోక ఎముకనూ తీసేశారు. బయాప్సీలో ఇమ్మెచ్యూర్ టెరటోమా (పూర్తిగా ఎదగని కణజాలం ఉన్న గడ్డ) అని, యోక్ శాక్ ట్యూమర్ అనే క్యాన్సర్ భాగం ఎక్కడా లేదని వచ్చింది. ఆపరేషన్‌కు ముందు ఏఎఫ్‌పీ 52,000. ఇప్పుడు పాపకు రెండు నెలలు నిండాయి, ఏఎఫ్‌పీ 410. రిపోర్టులో పక్కనే 'నార్మల్ 10 లోపు' అని రాసి, 410ని ఎర్రగా చూపించారు. డాక్టరేమో బాగుంది, నెల తర్వాత రండి అన్నారట. 'నార్మల్ కంటే నలభై రెట్లు ఎక్కువ ఉంటే బాగున్నట్టు ఎలా అవుతుంది? మా పాప బతుకుతుందా?' అని అడిగారు.

రెండో ప్రశ్న ఒక తల్లిది. 12 ఏళ్ల అమ్మాయికి కుడి అండాశయంలో గడ్డ వస్తే ఆ అండాశయం తీసేశారు. యోక్ శాక్ ట్యూమర్, స్టేజ్ 1 (గడ్డ అండాశయం దాటలేదు) అన్నారు. ఆపరేషన్‌కు ముందు ఏఎఫ్‌పీ 12,800, మూడు వారాల తర్వాత 1,400. ఒక డాక్టరు కీమో మొదలుపెడదామన్నారు, ఇంకొకరు కీమో లేకుండా దగ్గరగా గమనిద్దామన్నారు. ఎవరి మాట వినాలన్నది ఆమె ప్రశ్న.

నేను పిల్లల సర్జన్‌ని. ఇలాంటి గడ్డలకు ఆపరేషన్ చేసి, ఆ పిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యే దాకా ఫాలో అప్‌లో చూస్తూ వస్తున్నాను. మీ పిల్లల స్కాన్లు, స్లైడ్లు నేను చూడలేదు కాబట్టి చికిత్స నిర్ణయం మీ డాక్టర్లదే. కానీ ఒక మాట మాత్రం గట్టిగా చెప్పగలను. ట్యూమర్ మార్కర్‌లో, అంటే గడ్డ జాడ చెప్పే ఏఎఫ్‌పీ లాంటి రక్త పరీక్షలో, ఒక్క అంకెను పట్టుకుని చూస్తే ఏమీ తెలియదు. ఆ అంకె ఏ వయసులో వచ్చింది, అంతకు ముందు ఎంత ఉంది, మధ్యలో ఎన్ని రోజులు గడిచాయి అన్నవి కలిపి చూడాలి. ఆపరేషన్ తర్వాత పిల్లల ప్రాణాన్ని కాపాడేది కూడా ఒక రిపోర్టు కాదు, తేదీ తప్పకుండా వరుసగా చేయించే రిపోర్టులు.

ముందు పాప సంగతి చూద్దాం.

ఏఎఫ్‌పీ అంటే ఆల్ఫా ఫీటోప్రోటీన్. కడుపులో బిడ్డ ఏర్పడే తొలి వారాల్లో దీన్ని యోక్ శాక్ అనే సంచి తయారు చేస్తుంది, తర్వాత బిడ్డ కాలేయం ఆ పని అందుకుంటుంది. అంటే పుట్టిన ప్రతి బిడ్డ రక్తంలోనూ ఇది వేలల్లో ఉంటుంది. 1981లో ప్రచురించిన కొలతలను డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. వాటి ప్రకారం నెలలు నిండి పుట్టిన ఆరోగ్యవంతమైన బిడ్డకు సగటున మిల్లీలీటరుకు 48,000 నానోగ్రాముల దాకా ఉంటుంది. నెల నిండేసరికి సుమారు 2,650, రెండు నెలలకు 320, మూడు నెలలకు 90, ఆరు నెలలకు 12. పెద్దవాళ్లలాగా 10 లోపుకు రావడానికి ఎనిమిది నెలలు, కొందరిలో ఏడాది దాకా పడుతుంది. ఇవి సగటులు. బిడ్డకూ బిడ్డకూ తేడా చాలా ఎక్కువ, రెండు నెలల వయసులో 600 ఉన్న బిడ్డ కూడా పూర్తిగా ఆరోగ్యంగా ఉండొచ్చు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో ఇంకా ఎక్కువ ఉంటుంది.

ఇప్పుడు మీ రిపోర్టు చూడండి. రెండు నెలలకు 410. ఆ వయసుకు ఇది ఉండాల్సిన పరిధిలోనే ఉంది. పక్కన ఉన్న '10 లోపు' అన్నది పెద్దవాళ్ల కొలత. ల్యాబ్ కంప్యూటరుకు మీ పాప వయసు పట్టదు, అందుకే ఎర్రగా చూపించింది. నెలల పిల్లలకు వేరే పట్టిక ముద్రించే ల్యాబులు మన దగ్గర తక్కువ. దీనివల్ల ఎన్ని కుటుంబాలు అనవసరంగా ఏడ్చాయో నాకు తెలుసు. ల్యాబులు ఈ ఒక్క విషయం సరిచేస్తే చాలా మేలు జరుగుతుంది.

ఇంకో సంగతి. మీరు ఎక్కడో 'ఏఎఫ్‌పీ ఐదు నుంచి ఏడు రోజులకోసారి సగం అవ్వాలి' అని చదివే ఉంటారు. అది ఏడాది దాటిన పిల్లలకు వర్తించే లెక్క. పసిపిల్లల్లో మొదటి నెలలో అంతే వేగంగా తగ్గుతుంది గానీ, బిడ్డ కాలేయం ఇంకా కొంచెం కొంచెం తయారు చేస్తూనే ఉంటుంది కాబట్టి ఆ తర్వాత వేగం మందగిస్తుంది. సగం కావడానికి రెండు వారాలు, ఆ తర్వాత నెల దాకా పట్టొచ్చు. కాబట్టి మూడో నెల రిపోర్టు 'ఆశించినంత తగ్గలేదు' అనిపించినా కంగారు పడకండి. పాత అంకె కంటే కిందికే వస్తోందా అన్నదే చూడండి. పసిపాప ఏఎఫ్‌పీ మీద అనుమానం రావాల్సిన సందర్భాలు: అది తగ్గకుండా ఒకేచోట ఆగిపోవడం, లేదా తగ్గుతూ వచ్చినది తిరిగి పైకి లేవడం.

'బతుకుతుందా' అన్న ప్రశ్నకు సూటిగా చెబుతాను. ఈ గడ్డను సాక్రోకాక్సీజియల్ టెరటోమా అంటారు. 35,000 నుంచి 40,000 జననాల్లో ఒకరికి వస్తుంది, మగపిల్లల కంటే ఆడపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. దీనిలో అసలు గండం కడుపులో ఉన్నప్పుడు, పుట్టిన తొలి రోజుల్లో, ఆపరేషన్ బల్ల మీద. పెద్ద గడ్డ బిడ్డ రక్తాన్ని లాక్కుని గుండెను అలసిపోయేలా చేస్తుంది, లేదా పగిలి రక్తస్రావం అవుతుంది. మీ పాప ఆ గండాలన్నీ దాటేసింది. పుట్టిన వెంటనే ఆపరేషన్ అయిన, క్యాన్సర్ భాగం లేని పిల్లల్లో బతికేవాళ్లు 100కి 90 కంటే బాగా ఎక్కువ.

మీ సర్జన్ తోక ఎముకను కూడా తీశారని రాశారు. అది చాలా ముఖ్యం. 1951లోనే బోస్టన్ సర్జన్ రాబర్ట్ గ్రాస్ బృందం గమనించింది, ఆ ఎముకను వదిలేసిన పిల్లల్లో మూడో వంతు కంటే ఎక్కువ మందికి గడ్డ తిరిగి వచ్చింది. అప్పటి నుంచి దాన్ని తీయడం ఈ ఆపరేషన్‌లో తప్పనిసరి అయింది. అన్నీ సరిగ్గా చేసినా 100 మందిలో 10 నుంచి 15 మందికి తిరిగి రావచ్చు, అదీ ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే. వాటిలో కొన్ని మామూలు టెరటోమాలుగానే వస్తాయి, కొన్ని యోక్ శాక్ ట్యూమర్‌గా వస్తాయి. మొదటి బయాప్సీలో క్యాన్సర్ లేకపోయినా రావచ్చు. ఫాలో అప్ ఎందుకంటే ఇందుకే.

కాబట్టి మొదట్లో నెలకోసారి, ఏఎఫ్‌పీ వయసుకు తగ్గ స్థాయికి దిగాక మూడు నెలలకోసారి, కనీసం మూడేళ్లు నిండే దాకా. ప్రతిసారీ డాక్టరు మలద్వారం గుండా వేలితో పరీక్ష చేయాలి. చాలామంది తల్లిదండ్రులు 'రక్త పరీక్ష బాగుంది కదా, మళ్లీ ఆ పరీక్ష ఎందుకు, పాప ఏడుస్తోంది' అంటారు. దయచేసి వద్దనకండి. టెరటోమాగా తిరిగి వచ్చే గడ్డ ఏఎఫ్‌పీని అసలు తయారు చేయకపోవచ్చు, కటి ఎముకల ముందు భాగంలో లోపలికే పెరుగుతూ బయటికి కనపడదు. ఆ పది సెకన్ల పరీక్షలో దొరుకుతుంది. పాపకు మలబద్ధకం మొదలైనా, మూత్రం ఆగి ఆగి వస్తున్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా చూపించండి.

ఒకవేళ యోక్ శాక్ ట్యూమర్‌గా తిరిగి వచ్చినా దానికి మంచి చికిత్స ఉంది. ఈ చోటు నుంచి వచ్చే క్యాన్సర్ గడ్డలకు అమెరికా పిల్లల క్యాన్సర్ బృందాలు ఆపరేషన్, కీమో కలిపి ఇచ్చినప్పుడు నాలుగేళ్ల తర్వాత 100కి సుమారు 90 మంది బతికి ఉన్నారు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు రాకముందు ఈ జబ్బు నుంచి బయటపడిన పిల్లలు బహు కొద్దిమంది.

ఇక అమ్మా, మీ ప్రశ్న.

మీ అమ్మాయి వయసులో కాలేయం ఏఎఫ్‌పీ తయారు చేయడం ఎప్పుడో మానేసింది. కాబట్టి 12,800 మొత్తం గడ్డదే. గడ్డ పూర్తిగా పోతే రక్తంలో మిగిలిన ఏఎఫ్‌పీ ఐదు నుంచి ఏడు రోజులకోసారి సగం అవుతూ పోవాలి. ఏడు రోజుల లెక్కే తీసుకుందాం. 12,800 మొదటి వారానికి 6,400, రెండో వారానికి 3,200, మూడో వారానికి 1,600. మీకు వచ్చింది 1,400. అంటే లెక్క తప్పలేదు. '1,400 ఉంది, ఇంకా క్యాన్సర్ మిగిలి ఉంది' అని మీ బంధువు ఎవరో అన్నారని రాశారు. ఈ అంకె నుంచి ఆ మాట చెప్పలేం. ఇదే వేగంతో వెళితే నాలుగో వారానికి 700, ఐదుకు 350, ఆరుకు 175, ఎనిమిదో వారానికి 44 చుట్టుపక్కల, పదకొండో వారానికి 10 లోపుకు చేరాలి. ఈ అంకెలను కాగితం మీద రాసుకుని, వచ్చిన ప్రతి రిపోర్టును వాటి పక్కన రాయండి.

ట్యాంకు కింద కుళాయి తిప్పితే నీళ్లు ఒక లెక్క ప్రకారం తగ్గాలి. తగ్గట్లేదంటే పైన మోటారు ఎక్కడో నడుస్తున్నట్టే. ఏఎఫ్‌పీ కూడా అంతే. ఉదాహరణకు 1,400 రెండు వారాల్లో 350కి రావాల్సింది 600 దగ్గరే ఉంటే, సగం కావడానికి పదకొండు రోజులకు పైగా పడుతోందన్నమాట. అంకె పెరగకపోయినా సరే, ఆలోచించాల్సిన విషయమే. వారంలో మళ్లీ రక్తం ఇచ్చి, స్కాన్ చేయించాలి. అందుకే 'తగ్గుతోంది కదా' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు, ఎంత వేగంగా తగ్గుతోందో అడగాలి.

కొన్ని గడ్డలు ఏఎఫ్‌పీకి బదులు, లేదా దానితో పాటు బీటా హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను తయారు చేస్తాయి. అది ఇంకా వేగంగా, ఒకటి ఒకటిన్నర రోజుకోసారి సగం అవుతుంది. కాబట్టి అది రెండు మూడు వారాల్లోనే నార్మల్‌కు రావాలి. మీ అమ్మాయికి ఆపరేషన్‌కు ముందు ఇది కూడా చూసి ఉంటారు, డిశ్చార్జ్ కాగితంలో ఎంత ఉందో చూసుకోండి.

కీమో సంగతికి వద్దాం. మీ ఇద్దరు డాక్టర్లూ తప్పు చెప్పడం లేదు. ఇది నిజంగానే రెండు దారులున్న చోటు.

అమెరికాలోని చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ 2003 నుంచి 2011 దాకా సరిగ్గా మీ అమ్మాయి లాంటి వాళ్లనే గమనించింది. అండాశయంలో స్టేజ్ 1 క్యాన్సర్ జెర్మ్ సెల్ ట్యూమర్ ఉన్న 25 మంది అమ్మాయిలు, మధ్యస్థ వయసు 12 ఏళ్లు, ఎక్కువమందికి యోక్ శాక్ ట్యూమరే. ఆపరేషన్ మాత్రమే చేసి, కీమో ఇవ్వకుండా మార్కర్లు, స్కాన్లతో కాపు కాశారు. 12 మందికి జబ్బు మిగలడమో తిరిగి రావడమో జరిగింది. సగానికి సగం. విన్నప్పుడు గుండె ఆగుతుంది. కానీ తర్వాత జరిగింది కూడా వినండి. ఆ 12 మందిలోనూ ఏఎఫ్‌పీ పెరిగే తెలిసింది. నలుగురిలో స్కాన్‌లో ఏమీ కనపడకముందే మార్కర్ ఒక్కటే పెరిగింది. సగం మందిలో ఆపరేషన్ అయిన రెండు నెలల్లోపే బయటపడింది. వెంటనే కీమో ఇస్తే 12 మందిలో 11 మంది కోలుకున్నారు. నాలుగేళ్లకు బతికి ఉన్నవాళ్ల శాతం 96. ఇక మిగతా సగం మంది అమ్మాయిలు కీమో ముఖమే చూడకుండా నయమయ్యారు. ఒక అమ్మాయి దక్కలేదు, ఆ నిజాన్ని కూడా మీరు తెలుసుకునే నిర్ణయించుకోవాలి.

మగపిల్లల్లో వృషణంలో వచ్చే స్టేజ్ 1 గడ్డలకు ఇదే అధ్యయనంలో ఆపరేషన్ మాత్రమే చేస్తే నాలుగేళ్ల దాకా జబ్బు తిరిగి రానివాళ్లు 74 శాతం, బతికి ఉన్నవాళ్లు 100 శాతం. ఎదిగిన కుర్రాళ్లలో చిన్నపిల్లల కంటే ఎక్కువగా తిరిగి వచ్చింది, అయినా అందరూ దక్కారు. మగపిల్లల్లో స్టేజ్ 1కి కీమో ఇవ్వకుండా చూడటం అందుకే ఇప్పుడు మామూలు పద్ధతి అయిపోయింది. ఆడపిల్లల్లో డాక్టర్ల మధ్య అభిప్రాయ భేదం ఇంకా ఉంది.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతాను. మీ అమ్మాయి నిజంగా స్టేజ్ 1 అయితేనే కాపు కాసే దారి సరైనది. 'నిజంగా' అని ఎందుకంటున్నానంటే, స్టేజ్ 1 అని రాయడానికి సర్జన్ కొన్ని పనులు చేసి ఉండాలి. గడ్డ పగలకుండా, గుచ్చకుండా మొత్తంగా తీసి ఉండాలి. పొట్టలోని నీటిని, లేదా కడిగిన నీటిని పరీక్షకు పంపి ఉండాలి. పొట్ట లోపలి పొరను, పేగుల మీది కొవ్వు పొరను, లింఫ్ గ్రంథులను చూసి, అనుమానం ఉన్నచోట ముక్క తీసి ఉండాలి. రెండో అండాశయాన్ని చూసి ఉండాలి. ఆపరేషన్ నోట్సు అడిగి తీసుకోండి, మీకు ఆ హక్కు ఉంది. అందులో ఇవి లేకపోతే, లేదా లాపరోస్కోపీలో గడ్డను ముక్కలు చేసి తీసినట్టు, నీరు లాగి చిన్నది చేసి తీసినట్టు ఉంటే, అది స్టేజ్ 1 కాదు. అప్పుడు కీమో అన్న డాక్టరు మాటే సరైనది. మెలి తిరిగిన సిస్ట్ (నీటితిత్తి) అనో అపెండిక్స్ అనో అనుకుని రాత్రికి రాత్రి ఆపరేషన్ చేసిన కేసుల్లో ఇవన్నీ వదిలేయడం తరచూ చూస్తాను.

రెండో షరతు మీ ఇంటి పరిస్థితి. మొదటి కొన్ని నెలలు వారం, రెండు వారాలకోసారి రక్తం ఇవ్వాలి, ఆ తర్వాత ఏడాది దాకా నెలకోసారి, మధ్యలో స్కాన్లు. పరీక్షలనో పెళ్లనో ఒక్క నెల వాయిదా వేయకూడదు. పెరిగిందని తెలిస్తే ఆ వారంలోనే కీమో మొదలుపెట్టే చోటికి చేరాలి. మీరు రాసినదాన్ని బట్టి ఆస్పత్రి మీకు ఐదారు గంటల దూరం. అది అసాధ్యం కాదు, రక్తం దగ్గరలోనే ఇచ్చి రిపోర్టు ఫోన్‌లో పంపించొచ్చు. కానీ అది మీ వల్ల కాదనిపిస్తే మొహమాటపడకుండా డాక్టరుకు చెప్పండి. రాలేని కుటుంబానికి కీమో ఇవ్వడం మంచి వైద్యమే. హైదరాబాదులో ఎంఎన్‌జే, బసవతారకం, విశాఖలో హోమీ భాభా ఆస్పత్రి లాంటి క్యాన్సర్ ఆస్పత్రుల్లో పిల్లల విభాగానికి కాగితాలన్నీ చూపించి మూడో అభిప్రాయం తీసుకున్నా తప్పులేదు. అయితే దాని కోసం రక్త పరీక్ష తేదీ దాటిపోనివ్వకండి.

కీమో అంటే ఇక్కడ సిస్‌ప్లాటిన్, ఎటోపొసైడ్, బ్లియోమైసిన్ అనే మూడు మందులు, మూడు లేదా నాలుగు సైకిళ్లు. బ్రిటన్‌లో సిస్‌ప్లాటిన్ బదులు కార్బోప్లాటిన్ వాడి కూడా ఐదేళ్లకు 91 శాతం పిల్లల్ని బతికించారు. మోతాదు పెంచితే ఇంకా బాగుంటుందేమోనని అమెరికా బృందాలు ఒకసారి రెట్టింపు సిస్‌ప్లాటిన్ ఇచ్చి చూశాయి. ముదిరిన దశల్లో జబ్బు తిరిగి రావడం తగ్గింది, జబ్బు లేకుండా నిలిచినవాళ్లు 80 నుంచి 90 శాతానికి పెరిగారు. కానీ చాలామంది పిల్లల వినికిడి బాగా దెబ్బతింది, ప్రాణాలు దక్కడంలో తేడా పెద్దగా రాలేదు. ఆ మోతాదును మామూలు వైద్యంలోకి తీసుకోలేదు. కాబట్టి 'ఇంకా గట్టి కీమో లేదా' అని అడిగే తల్లిదండ్రులకు నా జవాబు, సరిపోయినదే చాలు.

కీమో మొదలైతే మొదటి వారం ఏఎఫ్‌పీ కాస్త పెరగొచ్చు. చచ్చిపోతున్న గడ్డ కణాల నుంచి ఒక్కసారిగా బయటికి రావడం వల్ల అది జరుగుతుంది. దాన్ని చూసి మందు పనిచేయట్లేదనుకోవద్దు. రెండో సైకిల్ నాటికి సగమయ్యే లెక్కలో పడాలి. అంతర్జాతీయంగా పిల్లల డేటాను కలిపి చూసినప్పుడు కీమో మొదట్లో ఏఎఫ్‌పీ సరైన వేగంతో తగ్గిన పిల్లల్లో జబ్బు తిరిగి రావడం తక్కువగా ఉంది.

మొదటి అంకె 12,800 చూసి 'పది వేలు దాటింది' అని బెంగపడుతున్నారు. బ్రిటన్ అధ్యయనంలో 10,000 దాటడం కొంత చెడు సూచనగా కనపడిన మాట నిజం. అయితే 2015లో అమెరికా, బ్రిటన్ డేటాను కలిపి మేజిక్ అనే అంతర్జాతీయ బృందం చూసినప్పుడు ఎక్కువ తూగినవి మూడు: వయసు 11 దాటడం, గడ్డ ఉన్న చోటు, స్టేజ్. 11 దాటి, అండాశయ గడ్డ స్టేజ్ 4 అయినవాళ్లు, లేదా అండాశయం, వృషణం కాని చోట్ల వచ్చి స్టేజ్ 3, 4 అయినవాళ్లు కష్టమైన గుంపు, వాళ్లలో జబ్బు లేకుండా నిలిచేవాళ్లు 70 శాతం లోపు. మీ అమ్మాయి వయసు 12 అయినా స్టేజ్ 1 కాబట్టి ఆ గుంపులోకి రాదు.

ఇప్పుడు ఇద్దరికీ పనికొచ్చే విషయాలు.

ఏఎఫ్‌పీ పెరిగిందంటే ప్రతిసారీ క్యాన్సర్ తిరిగి వచ్చినట్టు కాదు. మన దగ్గర నేను మొదట అడిగేది పచ్చకామెర్ల గురించి. హెపటైటిస్ నుంచి కోలుకుంటున్న కాలేయం కొత్త కణాలను తయారు చేసుకుంటూ ఏఎఫ్‌పీని కొంచెం విడుదల చేస్తుంది. కీమో మందుల వల్ల కాలేయం దెబ్బతిన్నా అంతే. కాబట్టి అనుకోకుండా 25, 40 లాంటి అంకె వస్తే అదే రక్తంలో కాలేయ పరీక్షలు కూడా చేయించి, వారంలో మళ్లీ ఏఎఫ్‌పీ చూడాలి. గడ్డ వల్ల అయితే అది మెట్లు ఎక్కినట్టు ప్రతిసారీ పెరుగుతుంది. కాలేయం వల్ల అయితే ఒకచోట ఆగి దిగుతుంది. కొన్ని కుటుంబాల్లో ఏ జబ్బూ లేకుండానే జీవితాంతం కాస్త ఎక్కువగా ఉంటుంది, అలాంటి అనుమానం ఉంటే తల్లిదండ్రులకు కూడా చేస్తారు. టైరోసినీమియా లాంటి పుట్టుకతో వచ్చే కొన్ని జబ్బుల్లోనూ ఎక్కువే. జుట్టు కోసం, గోళ్ల కోసం వాడే బయోటిన్ మాత్రలు కొన్ని మిషన్లను తికమక పెడతాయి. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు మూడు రోజులు ఆపి, ల్యాబ్‌కు చెప్పండి.

ల్యాబ్ మార్చకండి. ఒక ల్యాబ్ నానోగ్రాముల్లో ఇస్తుంది, ఇంకొకటి ఇంటర్నేషనల్ యూనిట్లలో ఇస్తుంది. ఒక యూనిట్ అంటే దాదాపు 1.2 నానోగ్రాములు. యూనిట్ ఒకటే అయినా మిషన్ మారితే అంకె మారుతుంది. తప్పనిసరై మార్చాల్సి వస్తే ఒకే రోజు రెండు చోట్లా ఇవ్వండి. ఇంకా, గడ్డ పెద్దగా ఉండి ఆపరేషన్‌కు ముందు ఏఎఫ్‌పీ మరీ తక్కువగా వస్తే, రక్తాన్ని పలుచన చేసి మళ్లీ చూడమని అడగాలి. లక్షల్లో ఉన్నప్పుడు కొన్ని మిషన్లు లెక్క తప్పి తక్కువ చూపిస్తాయి.

ఆపరేషన్ ఇంకా కాని పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక్క పని మరిచిపోకండి. పిల్లలకు పొట్టలో, అండాశయంలో, వృషణంలో, తోక ఎముక దగ్గర గడ్డ ఏదైనా సరే, థియేటర్లోకి వెళ్లేలోపు ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ కోసం రక్తం తీయాలి. రిపోర్టు కోసం అత్యవసర ఆపరేషన్ ఆపక్కర్లేదు, రక్తం మాత్రం ముందే తీసి పెట్టాలి. ఆ మొదటి అంకె లేకపోతే తర్వాత వచ్చేవాటిని దేనితో పోల్చాలి? ఇప్పటికే ఆపరేషన్ అయిపోయి ఉంటే కూడా ఆశ వదులుకోకండి. ఏఎఫ్‌పీ నెమ్మదిగా దిగుతుంది కాబట్టి మొదటి వారంలో ఇచ్చినా ఒక ఆధారం దొరుకుతుంది. ఆపరేషన్‌కు ముందు వేరే పరీక్షలకు ఇచ్చిన రక్తం ల్యాబ్‌లో మిగిలి ఉందేమో ఆ రోజే అడగండి. వృషణంలో గడ్డ అయితే అండకోశం సంచి మీద కోయకుండా, గజ్జల్లో కోసి తీయాలి. సూదితో గుచ్చి చూస్తామంటే ఒప్పుకోకుండా పిల్లల సర్జన్‌ను కలవండి.

మార్కర్ మౌనంగా ఉండే గడ్డలూ ఉన్నాయి. మెచ్యూర్ టెరటోమా (పూర్తిగా ఎదిగిన కణజాలం ఉన్న గడ్డ) ఏ మార్కర్‌నూ తయారు చేయదు. అండాశయంలో వచ్చే డిస్‌జెర్మినోమా అనే గడ్డలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ పెరుగుతుంది, కొద్దిగా హెచ్‌సీజీ ఉండొచ్చు, ఏఎఫ్‌పీ ఉండదు. ఇంకో విచిత్రమైన పరిస్థితి, కీమోతో ఏఎఫ్‌పీ నార్మల్ అయిపోతుంది కానీ స్కాన్‌లో గడ్డ పెరుగుతుంటుంది. అది క్యాన్సర్ పెరుగుదల కాకపోవచ్చు. క్యాన్సర్ భాగం చచ్చిపోయి, మిగిలిన టెరటోమా భాగం పెరుగుతూ ఉండొచ్చు. దానికి ఇంకా కీమో ఇచ్చి లాభం లేదు, ఆపరేషన్ చేసి తీయాలి. కాబట్టి రక్త పరీక్ష ఎంత మంచిదైనా స్కాన్‌ను, డాక్టరు చేతి పరీక్షను మానేయకూడదు.

అమ్మా, మీరు కీమో దారి ఎంచుకుంటే మొదలుపెట్టే ముందే వినికిడి పరీక్ష, కిడ్నీ పరీక్షలు చేయించండి, ప్రతి సైకిల్ ముందూ మళ్లీ చూడమని అడగండి. సిస్‌ప్లాటిన్ వల్ల ముందు పోయేది సన్నని శబ్దాలు, అమ్మాయికి అది తెలియకపోవచ్చు. ఇప్పుడు ఒక అండాశయం ఉన్నా నెలసరి, పిల్లలు పుట్టడం చాలామందిలో మామూలుగానే ఉంటాయి. బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను తాకే మందు. ఇది ఇచ్చిన పిల్లలకు ఇరవై ఏళ్ల తర్వాత పంటికో, కాన్పుకో మత్తు ఇవ్వాల్సి వచ్చినా మత్తు డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి, ఆపరేషన్ సమయంలో ఆక్సిజన్ ఎంత ఇవ్వాలో వాళ్లు దాన్నిబట్టి చూసుకుంటారు. అందుకని ఇచ్చిన మందుల పేర్లు, మొత్తం మోతాదులు రాసిన ఒక కాగితం ఆస్పత్రి నుంచి అడిగి తీసుకుని, అమ్మాయి పెద్దయ్యాక తన చేతికే ఇవ్వండి.